మైకు కూస్తే నవ్వే ఊరు

మా బావది మైకు సెట్ల వ్యాపారం. పెళ్ళికైనా, సంతాప సభకైనా, పార్టీ మీటింగుకైనా, ఊళ్ళో నలుగురికీ వినపడేలా మాట్లాడాలంటే మా ఇంటి తలుపు తట్టాల్సిందే. ఊరంతటికీ గొంతు అద్దెకిచ్చే ఈ మనిషికి సొంత గొంతు మాత్రం ఉండీ లేనట్టే. కూరలో ఉప్పు తక్కువైతే ఉప్పు సీసా వైపు చూసేవాడు, మా అక్క అందించేది. సంబంధం మాట్లాడుకునే రోజుల్లో మా నాన్నకి అనుమానం వచ్చి, అబ్బాయి మూగవాడేమో కనుక్కు రమ్మని నన్ను పంపాడు. నేను షాపుకి వెళ్ళి, మీకు మాటలు వచ్చా అని మొహం మీదే అడిగేశాను. కాసేపు ఆలోచించి, "వచ్చు" అన్నాడు. ఆ ఒక్క మాట మూటగట్టుకుని ఇంటికొచ్చాను. పెళ్ళి అయిపోయింది.

అప్పటినుంచీ అందరం ఒకే ఇంట్లో ఉన్నాం. పైన అక్కా బావా, కింద నేనూ నాన్నా. వీధి వైపు రెండు గదుల్లో ఒకటి నా కుట్టుమిషనుకి, రెండోది బావ సామానుకి. గోడ నిండా హారన్లు, మేకులకి చుట్టలు చుట్టిన వైర్లు, బల్ల మీద టంకం వాసన. మైకులకి దుమ్ము పట్టకుండా పాత సాక్సులు తొడిగేవాడు. మా ఇంట్లో సాక్సు ఒకటి కనపడకపోతే వెతికే పనే లేదు, రెండోది కూడా తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పడేసేవాళ్ళం. మా నాన్న పోస్టుమానుగా చేసి రిటైరయ్యాడు. చెవులు సరిగ్గా పనిచెయ్యవు, కీచు శబ్దాలైతే అసలే వినపడవు, కానీ ఆ సంగతి ఒప్పుకోడు, జనమే గొణుగుతున్నారంటాడు. అల్లుడు మాట్లాడడు, మామగారికి వినపడదు. అందుకే వాళ్ళిద్దరి మధ్యా ఏనాడూ పొరపొచ్చాలు రాలేదు.

మా ఊరి మధ్యలో ఏరు, ఏటి మీద వంతెన. ఇవతలి ఒడ్డున ఎక్కువమంది గొడుగు గుర్తు పార్టీవాళ్ళు, అవతలి ఒడ్డున నిచ్చెన గుర్తువాళ్ళు. ఎందుకలా అంటే నాకు తెలీదు, రెండు ఒడ్లకీ ఉత్తరాలు మోసిన మా నాన్నకీ తెలీదు. పుట్టిన ఒడ్డుని బట్టి వచ్చేదంతే. నిచ్చెన చెక్కది కాబట్టి మావాళ్ళు వాళ్ళని చెదలు అనేవాళ్ళు. మూసిన గొడుగు గబ్బిలంలా వేలాడుతుంది కాబట్టి వాళ్ళు మావాళ్ళని గబ్బిలాలు అనేవాళ్ళు. ఎన్నికలప్పుడు నోరు నొప్పెట్టేదాకా తిట్టుకుని, అవి కాగానే వంతెన మీద ఒకరి సిగరెట్టు ఒకరు ముట్టించుకునేవాళ్ళు.

బావ రెండు పార్టీలకీ సెట్లు ఇచ్చేవాడు. ఇచ్చి ఊరుకోడు. మీటింగు అయ్యేదాకా వేదిక వెనక యాంప్లిఫయర్ దగ్గర స్టూలు వేసుకుని, సౌండు మీట మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. అక్కడో చిన్న కిటుకు ఉండేది. ఒక బుల్లి స్పీకరుని మైకు వైపు తిప్పి ఉంచేవాడు. దాని సౌండు కాస్త పెంచితే చాలు, మైకు కీచుమని కూసేది. మాట్లాడేవాడు ఆవేశంలో అవతలివాళ్ళ అమ్మనో అక్కనో ఎత్తినా, చెదలనో గబ్బిలాలనో అన్నా, మైకు సరిగ్గా ఆ మాట మీదే కూసేది. ఆ మాట్లాడేవాడు చెవులు మూసుకునేవాడు, జనం గొల్లున నవ్వేవాళ్ళు. మళ్ళీ మొదలుపెట్టేసరికి ఆ వేడి సగానికి దిగిపోయేది.

ఇది బావ కావాలనే చేస్తున్నాడని సగం ఊరికి తెలుసు. ఊళ్ళో గొడుగు పార్టీని నడిపే ప్లీడరు ఒకసారి ఆయన్ని నిలదీశాడట, ఏమయ్యా, నీ మైకుకి నా తిట్లు పడవా అని. మైకు పాతదండీ అన్నాడట బావ. కొత్తది కొనరాదా అంటే, కొత్తవాటికి సిగ్గు ఇంకా ఎక్కువండీ అన్నాడట. ప్లీడరు పడీ పడీ నవ్వి, ఆ ముక్క తనే ఊరంతా చెప్పుకు తిరిగాడు. అదీ ఆ రోజుల్లో వరస. తిట్టేవాడికీ నవ్వొచ్చేది, వినేవాడికీ నవ్వొచ్చేది. ఏరు దాటి ఆ కూత అవతలికి కూడా వినపడేది. మనల్ని ఏదో అనబోయి నోరు మూసుకున్నార్రా అని వాళ్ళూ నవ్వుకునేవాళ్ళు. మైకు కూసిందంటే అక్కడ మా బావ ఉన్నాడని, గొడవేమీ జరగదని రెండు ఒడ్లకీ లెక్క.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. తప్పు అనిపించినప్పుడు అంత బుర్ర ఉపయోగించి కూత వేయించే బదులు, నోటితో చెప్పొచ్చుగా బావా అని అడిగాను.

"నోటితో చెబితే గొడవవుతుంది మరదలా. కూస్తే నవ్వుతారు" అన్నాడు. అంతకంటే పెద్ద ఉపన్యాసం ఆయన దగ్గర నేను అప్పటిదాకా వినలేదు.

అక్కకి ఒక్కతే కూతురు, బుజ్జి. తాతయ్య కళ్ళజోడు మార్పించడానికని అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళి, అక్కడి కళ్ళజోళ్ళ షాపు అబ్బాయిని ఇష్టపడింది. ఆ ఏడాది మా నాన్న కళ్ళకి వచ్చినన్ని జబ్బులు ఇంకెవరికీ వచ్చి ఉండవు. అబ్బాయిది నిచ్చెన పార్టీ ఇల్లు. అయినా ఎవరూ అడ్డు చెప్పలేదు. గొడుగూ నిచ్చెనా రెండూ ఉన్న ఇంటికి వానాకాలం బెంగే లేదని ప్లీడరు జోకు వేశాడు. వంతెన దిగగానే మొదటి సందులో వాళ్ళ కాపురం. అల్లుడు మా ఇంటికి భోజనానికి వస్తే గుమ్మంలోంచే, "చెద వచ్చింది, చెక్క సామాను జాగ్రత్త" అనేవాడు. వాళ్ళకి పాప పుట్టింది. ఆ అబ్బాయి తల్లి పక్షవాతంతో మంచం పట్టింది, ఆమెకి అన్నీ బుజ్జే చేసేది. బావ రోజూ ఏదో వైరు కొనాలనే వంకతో వంతెన దాటి, పాపని ఎత్తుకుని, వైరు కొనకుండా తిరిగొచ్చేవాడు.

ఇదంతా ఎప్పుడు పాడైందో చెప్పమంటే నేను చెప్పలేను. ఎన్నికల తర్వాత రాజధానిలో రెండు పార్టీల నాయకులూ ఎవరికివారు నేనే గెలిచానన్నారు. రెండు భవనాల్లో ఇద్దరూ ఒకే రోజు ప్రమాణం చేశారు. టీవీలో ఒక ఛానల్లో ఒకాయన ప్రెసిడెంటు, ఇంకో ఛానల్లో ఇంకొకాయన. మొదట్లో అటూ ఇటూ మార్చి చూసి నవ్వుకున్నాం. పోనుపోను ఇంటికొక ఛానలే మిగిలింది. బేకరీ అతను అవతలినుంచి వచ్చినవాళ్ళకి బ్రెడ్డు అయిపోయిందనేవాడు, వెనక అలమర నిండా అది కనపడుతూనే ఉండేది. అవతలి ఆడవాళ్ళు నాకు కుట్టడానికిచ్చిన బట్టలు కూడా వచ్చి తీసుకోలేదు. మా వీధిలో తలుపుల మీద గొడుగు బొమ్మలు వెయ్యడం మొదలైంది. వెయ్యనివాళ్ళని ఎందుకు వెయ్యలేదని అడగడం మొదలయ్యాక అందరూ వేశారు. మా తలుపు మీద నేనే వేశాను. వంకరగా వచ్చిందని పక్కింటావిడ వచ్చి సరిచేసి వెళ్ళింది, మంచిదే పాపం.

ప్లీడరు రాజకీయాలకి దండం పెట్టి వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఆయన కుర్చీలోకి సిమెంటాయన వచ్చాడు. సిమెంటు షాపు ఓనరు, మా ఇంటి మెట్లు కట్టేటప్పుడు దగ్గరుండి ఇసుక ఎంత కలపాలో చెప్పిన మనిషి. ఆయన గోడౌను వెనక పొద్దున్నే మగాళ్ళు కర్రలు పట్టుకుని కవాతు చేసేవాళ్ళు. కొన్నాళ్ళకి ఆ చేతుల్లో తుపాకులు కనపడ్డాయి. పోలీసుల్లో సగంమంది యూనిఫాం విప్పి అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయారు, మిగతా సగం వాళ్ళు గోడౌనులో తేలారు. నిచ్చెనవాళ్ళు సొంతంగా మైకు సెట్టు కొనుక్కుని, ఇంక రావద్దని బావకి కబురు పెట్టారు. ఇవతల మాత్రం ఇంకా ఆయనే. మైకు కూస్తే ఇక్కడ ఇంకా నవ్వేవాళ్ళు, కానీ నవ్వాక పక్కవాడి మొహం చూసుకునేవాళ్ళు.

ఒకరోజు పొద్దున పాల వ్యాను డ్రైవరుని వంతెన మీద ఎవరో కాల్చి చంపారు. మా ఒడ్డు మనిషి. చంపింది ఎవరో ఈ రోజుకీ తెలీదు, తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు కూడా. మధ్యాహ్నం వంతెన పక్క మైదానంలో మీటింగు అన్నారు, అక్కడినుంచే అవతలికి వెళ్ళి లెక్క తేలుస్తారని వీధిలో బాహాటంగా చెప్పుకున్నారు. సిమెంటాయన మనుషులు మైకు సెట్టు కోసం వచ్చారు. సెట్టు పాడైందని చెప్పి పంపెయ్యమని అక్క బతిమాలింది. ఆ రోజు బావ వరసగా నాలుగు మాటలు మాట్లాడాడు.

"నేనివ్వకపోతే ఇంకెవరిదో తెస్తారు. అప్పుడు మీట మీద ఇంకెవరి చెయ్యో ఉంటుంది. వంతెన దిగితే మొదటిది బుజ్జి వాళ్ళ సందు. నేనుండాలి."

అక్క బుజ్జికి ఫోను చేసింది. బుజ్జి వాళ్ళు బట్టలు సర్దుకుని సిద్ధంగానే ఉన్నారట. అత్తగారిని కదిలించడం కష్టం కాబట్టి కాసేపు చూసి, పరిస్థితి బాగోలేదనిపిస్తే కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తామంది. బావ వ్యానులో సామాను వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక మా నాన్న చెప్పులు వేసుకున్నాడు. ఎక్కడికంటే, మాట్లాడటానికి అన్నాడు. ఆయన జన్మలో వేదిక ఎక్కి ఎరగడు. వద్దన్నాను, వినపడనట్టు నటించాడు. నిజంగా వినపడనప్పటి మొహానికీ నటించే మొహానికీ తేడా నాకు తెలుసు. చేసేది లేక వెంట వెళ్ళాను.

మైదానంలో ఇసుక వేస్తే రాలదు. వేదిక ముందు డ్రైవరు శవాన్ని పడుకోబెట్టారు, పక్కన అతని అన్న కూర్చుని ఉన్నాడు. నాన్న తిన్నగా మెట్లెక్కి, ఒక్క మాట మాట్లాడతాను బాబూ అని సిమెంటాయన్ని అడిగాడు. ఆ మైదానంలో మా నాన్న చేతిమీదుగా ఉత్తరం అందుకోని ఇల్లు లేదు. అంతమంది ముందు సిమెంటాయనకి కాదనడానికి నోరు రాలేదు. నేను మెట్ల దగ్గర పక్కగా నిలబడ్డాను. అక్కడినుంచి ముందు నాన్న కనపడుతున్నాడు, వేదిక వెనక కట్టిన గుడ్డ చాటున బావ కనపడుతున్నాడు. బావకి మాత్రం నాన్న కనపడడు. ఎక్కింది ఎవరో ఆయన చూడలేదు. ఒక చేత్తో ఫోను చెవికి నొక్కి పట్టుకున్నాడు, రెండో చెయ్యి మీట మీద ఉంది. బుజ్జికి చేస్తున్నాడని ఆ మొహం చూస్తేనే తెలిసింది. మోగుతోంది, ఎత్తడం లేదు.

నాన్న మొదలుపెట్టాడు. మీ గుమ్మాలన్నీ ఎక్కినవాణ్ణి, అవతలివాళ్ళ గుమ్మాలూ ఎక్కినవాణ్ణి అన్నాడు. ఎండలో అంతమంది చప్పుడు చెయ్యకుండా విన్నారు. డ్రైవరు అన్న కూడా తలెత్తి చూశాడు. ఈ ముసలాయన గట్టెక్కిస్తాడని నాకు ఒక్క క్షణం అనిపించింది, నిజం.

"అటు వెళ్ళే ముందు ఒకటి ఆలోచించండి. మనం వాళ్ళని చెదలు అంటాం..."

మైకు కూసింది. మామూలుగా కాదు, చెవులు చిల్లులు పడేలా. బావ ధ్యాస ఫోను మీద ఉంది, ఆ మాట చెవిన పడగానే చెయ్యి దానంతటది తిరిగింది. ఎన్నేళ్ళ అలవాటో చేతికి. జనానికీ అదే అలవాటు. శవం ముందుందన్నది కూడా మర్చిపోయి మైదానమంతా గొల్లున నవ్వింది.

మా నాన్నకి ఆ కూత వినపడలేదు. నవ్వే మొహాలు మాత్రం కనపడ్డాయి. తనేం తప్పు మాట్లాడాడో అర్థం కాక అటూ ఇటూ చూసి, అదే వాక్యం మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. అప్పటికి బావ ఫోను వదిలేసి, గుడ్డ పక్కకి లాగి చూశాడు. ఈసారి మైకు కూయలేదు. కానీ చెదలు అన్న మాట రాగానే వెనక వరసలో ఎవడో నోటితో కూత వేశాడు. ఇంకాస్త నవ్వారు. డ్రైవరు అన్న లేచి, నా తమ్ముడు ఇక్కడ పడుంటే ఈ ముసలాడు నవ్వులాట చేస్తున్నాడని ఏడుపుగొంతుతో అరిచాడు. దాంతో నవ్వు కాస్తా కోపమైంది, ఆ కోపం తిన్నగా మా నాన్న మీదికి తిరిగింది. సిమెంటాయన ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఎంతో మర్యాదగా, పెద్దాయనకి ఒంట్లో బాగోలేదని చెప్పి కిందికి దించాడు.

తర్వాత సిమెంటాయన మైకు తీసుకున్నాడు. "ఇంటికి చెదలు పడితే ఏం చేస్తారు? కూర్చోబెట్టి మాట్లాడతారా? మందు కొడతారా?"

బావ మీట మొత్తం తిప్పేశాడు. మైకు కూస్తూనే ఉంది. ఒక్కరూ నవ్వలేదు. సిమెంటాయన మైకు కింద పెట్టి, చేత్తో పట్టుకునే బాటరీ లౌడుస్పీకరు ఒకటి తెప్పించుకున్నాడు. అది ముందే తెచ్చి పెట్టుకున్నాడని అప్పుడు తెలిసింది. జనం వంతెన వైపు కదిలారు. బావ వైర్లు పీకి పడేసి, వాళ్ళకంటే ముందు చేరాలని పరిగెత్తాడు. వంతెన మీద ఎవరి మోచెయ్యో తగిలి పడ్డాడు, మీదనుంచి ఎంతమంది తొక్కుకుంటూ వెళ్ళారో లెక్కలేదు. ఆయన లేచేసరికి అవతల పొగ లేస్తోంది.

బుజ్జి పాపని తీసుకుని వెనక గోడ దూకి బయటపడింది. అల్లుడు తల్లి కోసం లోపలికి వెళ్ళాడు. ఆ ఇద్దరూ బయటికి రాలేదు.

అంతర్యుద్ధం ఆ వారంలోనే మొదలైందని ఇప్పుడు పేపర్లలో రాస్తున్నారు. అంత పెద్ద మాట మాకు తెలీదు. వంతెన మధ్యలో ఇసుక బస్తాలు వేశారు, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు కాల్చుకుంటున్నారు, అంతే తెలుసు. బుజ్జి బతికే ఉందని ఎవరో చెప్పారుగానీ ఎక్కడుందో తెలియలేదు. బావ కుంటుకుంటూ రోజూ ఇసుక బస్తాల దాకా వెళ్ళి అడిగి, తిట్లు తిని తిరిగొచ్చేవాడు. మా నాన్న గదిలోంచి బయటికి రావడం మానేశాడు. ఏమైంది నాన్నా అంటే, నన్ను చూసి నవ్వారు కదమ్మా అనేవాడు. ఆ మాట వినపడినప్పుడల్లా బావ మెట్లెక్కి పైకి వెళ్ళిపోయేవాడు. నిజం చెప్పడానికి నాకూ అక్కకీ నోరు రాలేదు. అది బావ చెప్పాల్సిన మాట అనిపించింది.

చాలా వారాల తర్వాత ఒక ఉదయం బుజ్జి ఫోను చేసింది. ఎక్కడో బంధువుల ఇంట్లో ఉందట, పాప బాగానే ఉందట. బావ ఫోను పైన గదిలో బల్ల మీద పెట్టి నాకూ అక్కకీ వినపడేలా సౌండు పెంచాడు. కాసేపు అందరం ఏడ్చాం. తర్వాత బుజ్జి, అడగకుండానే, ఆ రోజు సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

"కుర్చీ గుమ్మం దాకా తెచ్చాం నాన్నా. అంతలో తాతయ్య గొంతు వినపడింది. కిటికీ దగ్గరికి పరిగెత్తాం, నీ ఫోను కూడా చూసుకోలేదు. ఆ తర్వాత మైకు కూసింది, జనం నవ్వారు. మీ నాన్న అక్కడే ఉన్నారు, ఇంకేం కాదు అన్నారు మా ఆయన. అత్తయ్యని మళ్ళీ మంచం మీద పడుకోబెట్టాం."

నిష్ఠూరంగా అనలేదు ఆ పిల్ల. చివరి దాకా నిన్ను తల్చుకుని ధైర్యంగా ఉన్నాం నాన్నా అని చెప్పడానికే చెప్పింది. అక్క నా చెయ్యి పట్టుకుంది. బావ ఊరుకుంటే ఆ సంగతి అక్కడితో ముగిసిపోయేది. ఊరుకో బావా అని నేను మనసులో మొక్కుకున్నాను కూడా.

"ఆ కూత నేను తాతయ్య మీద వేశానమ్మా" అన్నాడు బావ. "ఎవరు మాట్లాడుతున్నారో చూసుకోలేదు."

అవతల పాప ఏదో వాగడం వినపడుతోంది.

"తాతయ్యకి తెలుసా?" అంది బుజ్జి.

తెలీదన్నాడు బావ. జనం తనని చూసే నవ్వారనుకుంటున్నాడని, గదిలోంచి రావడం లేదని చెప్పాడు.

"అయితే ముందు ఆయనకి చెప్పు నాన్నా. పాపం, ముసలాయన" అని బుజ్జి ఫోను పెట్టేసింది.

మొగుణ్ణి పోగొట్టుకున్న పిల్లకి తాతయ్య మీద జాలి పడటానికి ఎక్కడ చోటు మిగిలిందో నాకు తెలీదు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. బావ కిందికి దిగి నాన్న మంచం పక్కన కూర్చున్నాడు. తన మామూలు గొంతుతో చెప్పాడు. నాన్నకి వినపడలేదు. మళ్ళీ చెప్పాడు, వినపడలేదు. అప్పుడు బావ లేచి నిలబడి, నేను పుట్టి బుద్ధెరిగాక వినని గొంతుతో, మైకు కూయించింది నేను మామయ్యా, మిమ్మల్ని ఆపింది నేను, వాళ్ళు నవ్వింది ఆ కూతకి అని అరిచి చెప్పాడు. వీధిలో నడిచేవాళ్ళు ఆగిపోయారు.

నాన్న ఆయన మొహంలోకి చూశాడు. "నన్ను చూసి కాదా?" అన్నాడు.

"కాదు మామయ్యా."

"ఆ మాటతో మొదలుపెట్టింది నేనే కదయ్యా. ఇంకోలా చెప్పి ఉంటే నీ చెయ్యి తిరిగేది కాదు."

కాదు, తప్పు నాదేనని బావ మళ్ళీ అరిచాడు. నీదెలా అవుతుంది, నాది అని నాన్న అంతకంటే గట్టిగా అరిచాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మామా అల్లుళ్ళు పోట్లాడుకోవడం అదే మొదలు. మధ్యాహ్నం దాకా, కన్నీళ్ళు తుడుచుకుంటూ, నాదంటే నాదని వాదించుకుంటూనే ఉన్నారు. నేనూ అక్కా ఆపలేదు. ఆ రోజు అగ్గిపెట్టెలు పట్టుకుని వంతెన దాటినవాళ్ళ ఇళ్ళు మా వీధిలో చాలానే ఉన్నాయి. ఇలాంటి పోట్లాట వాటిలో ఒక్క ఇంట్లోనూ జరిగినట్టు నేను వినలేదు.